పన్నెండో పేరు

దయ్యాలూ, శకునాలూ, కలలో కనపడి చెప్పడాలూ నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేవాళ్ళతో వాదించనూ లేదు. ఇరవై రెండేళ్ళుగా పాత కంప్యూటర్ ప్రోగ్రాములు ఎందుకు తప్పు చేస్తున్నాయో వెతకడమే నా ఉద్యోగం. "దానంతటదే వచ్చింది మేడమ్" అని ఎవరైనా అంటే, ఏదీ దానంతటది రాదని చెప్పి వెతకడానికి కూర్చునేదాన్ని. గంట పట్టినా, వారం పట్టినా కారణం దొరికేది.

అలాంటి నేను ఈ సంగతి చెప్తే మా ఆఫీసులో సగం మంది నవ్వారు. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నా పేరు వసుంధర. మాది ప్రొద్దుటూరు. చదువవగానే బెంగళూరు వచ్చి, మొదటి నాలుగేళ్ళు మడివాళలో పీజీలో ఉన్నాను. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. పాత యంత్రాల మీద నడిచే ప్రోగ్రాముల్ని కొత్త సర్వర్ల మీదికి మార్చడం మా టీం పని. మా దగ్గరికి వచ్చేవి చాలావరకు పాత కంప్యూటర్ భాష కోబాల్‌లో రాసినవి. వాటిని రాసినవాళ్ళు ఎప్పుడో రిటైరైపోయి ఉంటారు.

హోసూరు రోడ్డుకి కాస్త లోపలగా ఒక ట్రస్టు ఆసుపత్రి ఉంది. పేరు చెప్పను. వాళ్ళ బ్లడ్ బ్యాంకులో రక్తదాతల రిజిస్టరంతా ఒక పాత కోబాల్ ప్రోగ్రాం మీద నడిచేది. అది నడిచే యంత్రానికి విడిభాగాలు దొరకడం మానేశాయి. అది ఆగిపోయేలోపు అన్నీ కొత్త సర్వరుకి మార్చాలి. ఆ పని మాకు వచ్చింది.

పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. పాత పద్ధతిలో ప్రోగ్రాముకీ యంత్రానికీ మధ్య ఒక దుబాసీ ఉంటుంది. ప్రోగ్రాంలో ఒక్కో ఆజ్ఞనీ చదివి, అప్పటికప్పుడు యంత్రానికి అర్థమయ్యేలా చెప్తుంది. కొత్త పద్ధతిలో దుబాసీ ఉండదు. కంపైలర్ ముందే మొత్తాన్నీ ఆ యంత్రం సొంత భాషలోకి మార్చేస్తుంది. తర్వాత అది నేరుగా, చాలా వేగంగా నడుస్తుంది. మార్చాక పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే సమాచారం మీద నడిపి, రెండూ ఇచ్చిన రిపోర్టుల్ని పక్కపక్కన పెట్టి చూస్తాం. అక్షరం కూడా తేడా రాకూడదు.

దాతల వివరాలు బయటికి వెళ్ళకూడదు కాబట్టి మమ్మల్ని ఆసుపత్రిలోనే కూర్చుని చెయ్యమన్నారు. బ్లడ్ బ్యాంకు పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. కొత్త సర్వరు అందులోనే ఉండేది. దానికి ఇంటర్నెట్ లేదు, బయటి యంత్రాలతో ఏ సంబంధమూ లేదు. అందులోకి వెళ్ళగలిగేది నేనూ, నాతో పని చేసే రఫీ, ఇద్దరమే. రఫీది నంద్యాల. ఒకే పరీక్షని ఏడుసార్లు చేసినా విసుక్కోని మనిషి.

పని మొదలుపెట్టిన రోజే రిజిస్టరుకి ఒక నకలు తీసుకున్నాం. తర్వాత నాలుగు నెలలపాటు మా పరీక్షలన్నీ ఆ నకలు మీదే.

రిపోర్టుల్లో ఒకటి అరుదైన రక్తం ఉన్న దాతల జాబితా. వాళ్ళలో బాంబే గ్రూపు వాళ్ళు వేరే పేజీలో వస్తారు. ఈ గ్రూపు వాళ్ళకి ఓ గ్రూపు రక్తం కూడా సరిపడదు. వాళ్ళ గ్రూపు వాళ్ళే ఇవ్వాలి. మా నకల్లో అలాంటి దాతలు పదకొండు మంది.

ఒక సోమవారం పొద్దున రఫీ నన్ను పిలిచాడు.

"అక్కా, ఒకసారి చూడు. కొత్తదాంట్లో ఒక లైన్ ఎక్స్‌ట్రా వస్తాంది."

పాత ప్రోగ్రాం రిపోర్టులో పదకొండు పేర్లు ఉన్నాయి. కొత్తదాంట్లో పన్నెండు. చివరి పేరు చౌడేశ్వరి. ఊరు ఆనేకల్. కింద వీధి పేరు, ఇంటి నంబరు. ఫోన్ నంబరు ఉండాల్సిన చోట అన్నీ సున్నాలు. ఆఖరుసారి రక్తం ఇచ్చిన తేదీ దగ్గరా సున్నాలే. పేరు ఇంగ్లీషులో ఉంటుంది కదా, అందులో ఒక అక్షరం అనవసరంగా రెండుసార్లు పడింది.

నాకు ఆశ్చర్యమేమీ వెయ్యలేదు. ఇలాంటివి మాకు మామూలే. పాత పద్ధతిలో దుబాసీ, ప్రోగ్రాం మొదలవగానే మెమరీ అంతా శుభ్రం చేసి ఇస్తుంది. కొత్త పద్ధతిలో మనమే శుభ్రం చేసుకోవాలి. మర్చిపోతే అంతకు ముందు అక్కడ ఉన్న చెత్త కనిపిస్తుంది. ఎవరిదో పాత రికార్డు ముక్క అలా పైకి వచ్చి ఉంటుందనుకున్నాను.

అయితే ఆ రికార్డు ఎక్కడో ఉండాలి కదా. నకలంతా వెతికాం. ఆ పేరు లేదు. తొలగించిన రికార్డులు ఫైల్లో కొన్నాళ్ళు మిగిలే ఉంటాయి, అవీ చూశాం. లేదు. ఆసుపత్రి రోజూ వాడే అసలు రిజిస్టర్లో వెతికించాం. అక్కడా లేదు. ఆనేకల్ నుంచి దాతలు పదిమంది దాకా ఉన్నారు గానీ ఆ వీధిలో ఒక్కరూ లేరు.

మళ్ళీ నడిపాం. మళ్ళీ వచ్చింది. సర్వరు ఆపి, పది నిమిషాలాగి, మళ్ళీ మొదలుపెట్టి నడిపాం. అదే పేరు, అదే ఇంటి నంబరు. మెమరీలో చెత్త అయితే ఆపి మొదలుపెట్టినప్పుడు పోవాలి, లేదా మారాలి. ఇది మారలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆ కాగితం తీసుకుని పక్కనున్న బ్లడ్ బ్యాంకులోకి వెళ్ళాను. అక్కడ సీనియర్ నర్సు సుగుణ సిస్టర్. బాపట్ల ఆవిడ. ముప్పై ఏళ్ళుగా ఆ ఆసుపత్రిలోనే ఉన్నారు. దాతల్లో చాలామందిని మొహం చూసి పేరుతో పిలవగలరు. ఈ పేరు పాత పుస్తకాల్లో ఎప్పుడైనా ఉందేమో అడుగుదామని వెళ్ళాను.

ఆవిడ కాగితం చదివి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదివారు.

"ఎవరండీ ఈవిడ?"

"ఎవరూ కాదు సిస్టర్. మా ప్రోగ్రాంలో తప్పు."

"ఆనేకల్ అని ఉందే. గంట ప్రయాణం."

అప్పుడు చెప్పారు. పై అంతస్తులో ఒకామె అడ్మిట్ అయి ఉంది. బడిలో టీచరు. రెండో కాన్పు. మాయ గర్భసంచికి గట్టిగా అతుక్కుపోయింది. శుక్రవారం ఆపరేషన్. రక్తం ఎక్కువ పోతుందని డాక్టర్లకి ముందే తెలుసు. ఆమెది బాంబే గ్రూపు. రిజిస్టర్లో ఉన్న పదకొండు మందిలో ఇద్దరికి వయసు దాటింది, ముగ్గురు ఈమధ్యే ఇచ్చారు, కొందరు ఊళ్ళు మారి ఫోనుకి దొరకడం లేదు, మిగిలినవాళ్ళకి ఆరోగ్యం బాగాలేదు. సేలం నుంచి ఒకాయన మాత్రం బయల్దేరి వస్తున్నారు. కనీసం రెండు సీసాలు కావాలి. ఇప్పటికి ఒక్కటే. వేరే ఊళ్ళ బ్లడ్ బ్యాంకులన్నిటికీ పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

"సిస్టర్, ఈ లైనుకి ఆధారం లేదు. అలాంటి మనిషే లేకపోవచ్చు" అన్నాను.

"ఉండొచ్చు కూడా కదండీ. అడ్రసు ఉంది. వెళ్ళి అడిగితే పోయేదేముంది?"

మా మేనేజరుకి ఫోన్ చేస్తే, తప్పుని తప్పుగా రాసి పని చూసుకోమన్నాడు. ఆయన అన్నదాంట్లో పొరపాటేమీ లేదు. నేనైనా అదే అనేదాన్ని. కానీ సుగుణ సిస్టర్ అప్పటికే డాక్టరుగారి దగ్గర అనుమతి తీసుకుని వచ్చేశారు. బ్లడ్ బ్యాంకు గది బయట బెంచీ మీద ఆ టీచరు భర్త కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోన్ పట్టుకుని, ఎవరికి చెయ్యాలో తెలియనట్టు దానివంకే చూస్తున్నాడు. అతన్ని దాటుకుని వెళ్ళలేకపోయాను.

బుధవారం పొద్దున నా కారులోనే బయల్దేరాం. చందాపుర దగ్గర ఆనేకల్ వైపు తిరిగాం. అలాంటి వీధి ఉండకూడదని నా మనసులో ఒక మూల కోరిక. లేకపోతే నా లెక్క సరిపోతుంది. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

వీధి ఉంది. రెండు వైపులా ఇళ్ళలోంచి మరమగ్గాల చప్పుడు. ఇంటి నంబరు కూడా ఉంది, తలుపు పక్కన కొత్తగా పెయింటుతో రాసి. లోపల ఎవరో పట్టుచీర నేస్తున్నారు. సిస్టర్ పిలిస్తే ముప్పై, ముప్పై రెండేళ్ళ మనిషి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"చౌడేశ్వరి గారిల్లు ఇదేనామ్మా?"

"నేనే. ఏం కావాలమ్మా?"

గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఆ క్షణంలో భయమే వేసింది, దాచను.

సిస్టర్ ఆసుపత్రి కార్డు చూపించి, ఎందుకు వచ్చామో చెప్పడం మొదలుపెట్టారు. ఇంతలో మగ్గం ఆగింది. ఆమె భర్త నాగరాజు బయటికి వచ్చాడు. మొత్తం విని మా ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూశాడు.

"అంతా సరేగానీ, మా ఇంటామె పేరు మీకు ఎవురిచ్చిరి? దినామూ పోన్లల్లో ఇట్లాంటి మోసాలు చూస్తానే ఉండాము."

ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. పాత క్యాంపులో రాసుకున్నామనో, ఎవరో చెప్పారనో. సిస్టర్ నావంక చూశారు. నాకు అబద్ధం నోటికి రాలేదు.

"కంప్యూటర్లో వచ్చిందండీ. ఎలా వచ్చిందో మాకూ తెలియదు. రెండు రోజులు వెతికాం, దొరకలేదు" అన్నాను.

"తెలీదంటే ఎట్లమ్మా?" అన్నాడు అతను. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక.

చౌడేశ్వరి నా చేతిలో కాగితం తీసుకుంది. తన పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. రెండుసార్లు పడిన అక్షరం దగ్గర వేలు ఆగింది.

"ఈ తప్పు నా ఆధార్ కార్డులో ఉండాది. ఇంక యాడా లేదు." కాగితంలో ఇంకాస్త కిందికి చూసింది. "కానీ కార్డులో ఇంకా పాత ఇల్లే ఉండాది గదా. మేము ఈ ఇంటికొచ్చి రెండు నెలలు గూడా కాలేదు. ఈ నంబరు మేమింకా ఎవురికీ ఇయ్యనేలేదే."

మా నకలు తీసుకుని అప్పటికి నాలుగు నెలలు దాటింది.

ఎప్పుడైనా రక్తం ఇచ్చావా అని సిస్టర్ అడిగారు. ఎప్పుడూ లేదంది. కాన్పప్పుడు పరీక్ష చేసి ఓ పాజిటివ్ అన్నారట. ఆ మాట వినగానే నాకు నీరసం వచ్చింది. ఓ అయితే పనికిరాదు కదా. సిస్టర్ మాత్రం తొణకలేదు.

"ఈ గ్రూపు వాళ్ళందరికీ ముందు ఓ అనే చెప్తారమ్మా. ఇంకో పరీక్ష చేస్తే గానీ తెలియదు. నువ్వు కాకపోవచ్చు. కానీ ఒకసారి చూద్దాం, ఏమంటావు?"

చౌడేశ్వరి కాగితం మడిచి సిస్టర్ చేతికిచ్చింది. తర్వాత అడిగింది.

"ఆయమ్మకి ముందు బిడ్డ ఉండాడా?"

"ఉన్నాడు. నాలుగేళ్ళు."

"నడవండి పోదాం" అంది.

"మగ్గం మీద సీర ఉండాది, రేపు ఇయ్యాల" అని భర్త గొణిగాడు.

"సీర యాడికీ పోదులే. నువ్వూ రా."

అతనూ వచ్చాడు. దారి పొడుగునా వెనక సీట్లో కూర్చుని ఆసుపత్రి కార్డుని తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు.

పరీక్ష నా కళ్ళ ముందే జరిగింది. మొదటి పరీక్షలో కాన్పప్పుడు చెప్పినట్టే ఓ వచ్చింది. తర్వాత సిస్టర్ ఇంకో చిన్న గాజు పలక తీసుకుని రక్తపు చుక్క పక్కన ఇంకో మందు చుక్క వేశారు. మామూలు ఓ గ్రూపు అయితే రక్తం గింజలు గింజలుగా కట్టాలి. ఆవిడ పలకని మెల్లగా అటూ ఇటూ ఊపారు. దీపం దగ్గర పెట్టి చూశారు. రక్తం నున్నగా, అలాగే ఉంది. ఒక్క గింజ కూడా కట్టలేదు. మొత్తం పరీక్షని మొదటి నుంచి మళ్ళీ చేశారు. డాక్టరుగారిని పిలిచి ఆయనచేత ఇంకోసారి చేయించారు. తర్వాత ఆ టీచరు రక్తంతో కలిపి చూశారు. సరిపడింది.

సిస్టర్ వచ్చి చౌడేశ్వరి తలమీద చెయ్యి పెట్టారు.

ఆ మధ్యాహ్నమే చౌడేశ్వరి రక్తం ఇచ్చింది. సేలం ఆయన గురువారం వచ్చి ఇచ్చారు. శుక్రవారం ఆపరేషన్లో రెండు సీసాలూ ఎక్కించాల్సి వచ్చింది. ఒక్కటే ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు మాతో అనలేదు గానీ, ఆ రోజు ఆయన టీ కప్పు పట్టుకుని మా గది గుమ్మంలో నిలబడి, ఆ పన్నెండో లైను ఒకసారి చూపించమని అడిగారు. ఆడపిల్ల పుట్టింది. తల్లి మూడు రోజులు ఐసీయూలో ఉండి, పదోరోజున పిల్లతో ఇంటికి వెళ్ళింది.

డాక్టరుగారికి మేం తెరమీద ఆ లైను చూపించలేకపోయాం. గురువారం పొద్దున రఫీ మామూలుగా ప్రోగ్రాం నడిపితే పదకొండు పేర్లే వచ్చాయి. అదే ప్రోగ్రాం, అదే నకలు. ఒక్క అక్షరం మార్చలేదు. రఫీ ముందు నన్ను అనుమానించాడు, నేను అతన్ని. సోమవారం నాటి ప్రోగ్రాంతో గురువారం నాటి ప్రోగ్రాంని బైటు బైటుగా పోల్చాం. రెండూ ఒకటే. ఎవరెప్పుడు సర్వర్లోకి వచ్చారో రాసే చిట్టా చూశాం. మేమిద్దరమే. సోమవారం నాటి కాగితాలు మాత్రం మిగిలాయి. అవే డాక్టరుగారికి చూపించాం.

ఆ తర్వాత నెలరోజులు వెతికాను. కంపైలర్ తయారుచేసిన వాళ్ళకి మొత్తం పంపించాను. మెమరీలో మిగిలిపోయిన చెత్త అయి ఉండొచ్చని జవాబు వచ్చింది. మర్యాదగా రాశారు. కానీ ఆ సర్వర్లోకి ఎప్పుడూ రాని పేరు, అప్పటికి ఏ కాగితం మీదా లేని అడ్రసు, ఆమెకే తెలియని రక్తపు గ్రూపు, మూడూ కలిసి ఒక లైనులో ఎలా మిగులుతాయి? యాదృచ్ఛికం అని చెప్పుకుందామని ప్రయత్నించాను. ఆ మాట నాకే సరిపోలేదు.

రఫీకి ఈ బాధ లేదు. "పైవాడు పంపిన లైన్ అక్కా, వదిలెయ్" అంటాడు. సిస్టర్ ప్రభువు చేసిన పని అని చర్చిలో సాక్ష్యం చెప్పారట. వాళ్ళిద్దరినీ చూస్తే నాకు కాస్త అసూయగా ఉంటుంది. నేను ఇటూ చెప్పలేను, అటూ చెప్పలేను. మా తప్పుల జాబితాలో ప్రతిదానికీ కారణం రాయాలి, రాయకపోతే కంప్యూటర్ ముందుకు పోనివ్వదు. "కారణం తెలియలేదు" అని రాసి మూసేశాను. నాకు తెలియనిది ఉందని ఒప్పుకుంటూ సంతకం చేసినట్టు అనిపించింది.

కొత్త ప్రోగ్రాం ఇప్పుడు అక్కడ రోజూ నడుస్తోంది. ఇంతవరకు ఒక్క తప్పూ రాలేదు. పాత యంత్రాన్ని తీసేశారు. చౌడేశ్వరి పేరు రిజిస్టర్లోకి ఎక్కింది, ఈసారి సిస్టర్ స్వయంగా టైపు చేశారు, ఫోన్ నంబరుతో సహా.

మొన్న ఒక శనివారం చిన్న సవరణ కోసం ఆసుపత్రికి వెళ్తే బ్లడ్ బ్యాంకులో చౌడేశ్వరి కనపడింది. పక్కన ఇంకొక ఆవిడ, అదే ముక్కు, అదే నవ్వు. హోసూరులో ఉండే చెల్లెలట. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళలో ఈ గ్రూపు ఇంకొకరికి ఉండొచ్చని సిస్టర్ చెప్తే, అన్ననీ చెల్లెల్నీ వెంటబెట్టుకుని పరీక్షకి తెచ్చింది. అన్నకి లేదు. చెల్లెలికి ఉంది. ఆవిడ ఆ రోజు మొదటిసారి రక్తం ఇచ్చి, జ్యూసు తాగుతూ కూర్చుంది.

చౌడేశ్వరి నన్ను చూసి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మీ మిషన్లో మళ్ళా ఎవురి పేరన్నా వచ్చిందామ్మా?"

"లేదమ్మా. రాలేదు."

"వస్తే నాకు పోన్ చెయ్యండి. నేనూ వస్తా మీతో. మీరు చెప్తే ఎవురూ నమ్మరు, నేను చెప్తే నమ్ముతారు."